దక్షిణానికి తిప్పిన తల

"నాకు జాలి కథ కావాలె వాసంతీ. వాడు చంపలేదని చెప్పే కథ కాదు, చంపినా పాపం అనిపించే కథ," అన్నాడు అడ్వకేట్ సుదర్శన్, టీ గ్లాసు బల్ల మీద పెడుతూ.

వాసంతి సరేనంది. తార్నాకలోని ఆ ఆఫీసులో ఆమె సరేననడం మొదలుపెట్టి ఎనిమిదేళ్ళయింది. అంతకుముందు సబ్ ఇన్‌స్పెక్టర్‌గా చేసింది. ఖాకీ వదిలేశాక, నిందితుల తరఫున ఆధారాలు వెతికి సుదర్శన్ ముందు పెట్టడం ఆమె పని. ఏడ్చేవాళ్ళ ఎదురుగా కూర్చుని వినీ వినీ, ఆమెలో ఏడుపు పుట్టే చోటు తిమ్మిరెక్కిన కాలులా తయారైంది. ఉందని తెలుసు. గిచ్చితే మాత్రం ఏమీ తెలియదు.

ఈ కేసులో ఇప్పటిదాకా ఏడ్చేవాళ్ళు కూడా ఎదురుపడలేదు. పోయిన ఆదివారం యూనివర్సిటీ క్యాంపస్‌లో, సాహిత్య శాఖ మొదటి అంతస్తులో, ప్రొఫెసర్ శశిభూషణ్‌ను ఆయన గదిలోనే ఎవరో చంపారు. సన్మానంలో ఇచ్చిన ఇత్తడి మెమెంటోతో తల మీద కొట్టారు. రాత్రి ఏడింటికి వాచ్‌మన్ తలుపు తీసి చూశాడు. మర్నాడు ఆయన దగ్గర రీసెర్చ్ చేస్తున్న పరుశురాంను ప్రశ్నించడానికి పోలీసులు వెళ్తే, ప్రశ్న పూర్తికాకముందే అతను "నేనే చంపిన" అన్నాడు. ఏళ్ళ తరబడి థీసిస్ మీద సంతకం పెట్టని గైడు, తిరిగి తిరిగి అరికాళ్ళు అరిగిన శిష్యుడు. కారణం కోసం పోలీసులు ఒళ్ళు వంచాల్సిన పని కూడా లేకపోయింది.

"పోలీసుల ముందు ఒప్పుకున్నది చెల్లదు కద సార్. ఇయ్యాల మూడింటికి మేజిస్ట్రేట్ ముందు ఒప్పుకుంటే మాత్రం ఇంక వాపస్ తీసుకునుడు కష్టం. ఆ పిల్లగాన్ని మనమే ఎందుకు పంపుతున్నం?" అని అడిగింది వాసంతి.

"మనం వద్దన్నా వాడు ఆగడు. ఒప్పుకొని, ఆవేశంల జరిగిందంటే శిక్ష తగ్గుతది. నీ పని ఆ ఆవేశాన్ని నాకు తెచ్చిపెట్టుడే." సుదర్శన్ కుర్చీలో వెనక్కి వాలాడు. "రాసుకో. అక్క ఎర్ర మూత డబ్బాల వంకాయ కూర కట్టిచ్చింది. గురువు, శిష్యుడు ఒకే బల్ల మీద తిన్నరు. డబ్బాకు మూత గూడ పెట్టలే, అంతలనే మాటా మాటా పెరిగింది. అన్నం తిన్న చెయ్యి ఆరకముందే ఎత్తి కొట్టిండు. ఏ జడ్జికైనా పేగు కదులుతది."

వాసంతి రాసుకోలేదు. ఆమెకు రాసుకునే అలవాటు లేదు, విన్నది మరిచిపోయే అలవాటూ లేదు.

"పంచనామా కాపీ వచ్చిందా సార్?"

"గా ఫైలు మీద కవర్ల ఉన్నది. తీస్కపో."

కవరుకు కొట్టిన పిన్ను కూడా ఇంకా తీయలేదు. తనకు పని నేర్పిన రోజుల్లో, పంచనామా మూడుసార్లు చదవనిదే నోరు తెరవొద్దని చెప్పిన మనిషి ఈయనే. వయసు మీద పడుతున్నదేమో అనుకుని, కవరు సంచిలో వేసుకుని బయల్దేరింది.

*

క్యాంపస్‌లో శశిభూషణ్ గది ముందు పోలీసులు మూగి ఉన్నారు. నేరం ఎలా జరిగిందో నిందితుడి చేత చేయించి వీడియో తీస్తున్నారు. లోపల పరుశురాం ఉన్నాడు, చేతిలో చుట్టిన న్యూస్‌పేపరు. అదే మెమెంటో అనుకోవాలి.

దాన్నంతా నడిపిస్తున్నది ఇన్‌స్పెక్టర్ దివాకర్. వాసంతీ అతనూ ఒకే బ్యాచ్‌లో ట్రైనింగ్ అయినవాళ్ళు. దివాకర్‌కు కథలు రాసే పిచ్చి ఉంది. వారపత్రికల్లో రెండు మూడు వచ్చాయి కూడా. అతని స్టేషన్‌లో జేబుదొంగ ఇచ్చిన ఒప్పుకోలు పత్రంలో సైతం ఆకాశం మేఘావృతమై ఉంటుందని కోర్టులో నవ్వుకుంటారు.

"మీ సార్ రాలేదా?" అన్నాడు దివాకర్. "కోర్టు ఆర్డరుంది గనక ఉండు. గడప దాటకు, మాట్లాడకు."

ఆమె గడప మీద నిలబడింది. దివాకర్ కెమెరా వైపు ఒకసారి చూసి, "ఇంక కొట్టు," అన్నాడు పరుశురాంతో.

పరుశురాం పేపరు ఎత్తి, ఖాళీ కుర్చీలో ఉన్నట్టు అనుకున్న తలకు కుడి కణత మీద ఆనించాడు.

"దెబ్బ వెనక కద ఉన్నది?"

"ఆ... వెనక."

సాక్షులుగా పట్టుకొచ్చిన పంచులిద్దరూ తలూపారు. పంచులు తలూపడానికే వస్తారు.

"తర్వాత?"

"తలుపు దగ్గరకేసి పోయిన."

"బయట గొళ్ళెం పెట్టినవ్ కద? వాచ్‌మన్ గొళ్ళెం తీసే లోపలికి పోయిండు."

"పెట్టిన," అన్నాడు పరుశురాం. అతని గొంతులో భయం లేదు, దుఃఖం లేదు. మరిచిపోయిన పాఠాన్ని పక్కవాడు అందిస్తుంటే అప్పజెప్తున్న పిల్లవాడిలా ఉన్నాడు.

"మరి నీళ్ళెందుకు పోసినవ్? ఆయన కాలరు తడిసి ఉన్నది. నోట్ల గూడ నీళ్ళున్నయి."

పరుశురాం నేల మీద శవం పడివున్న చోట సుద్దతో గీసిన గీతను అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశాడు. తల ఉన్న చోటే అతని చూపు ఆగిపోయింది. మొహంలో ఉన్న కాస్త రంగు కూడా పోయింది.

"పోసిన," అన్నాడు గబుక్కున. "జగ్గుల నీళ్ళు."

"దివాకర్, గీ గదిల జగ్గేది?" అంది వాసంతి.

దివాకర్ కెమెరా ఆపించాడు. మాట్లాడొద్దన్నానని గుర్తుచేశాడు. వాసంతి అతని మాట పట్టించుకోకుండా ఆ సుద్దగీతనే చూస్తోంది. బల్ల వెనక కుర్చీలో కూర్చున్నవాణ్ణి కొడితే అతను పక్కకో, బల్ల మీదకో ఒరగాలి. ఈయన మాత్రం కుర్చీకి దూరంగా, వెల్లకిలా, కాళ్ళు తలుపు వైపూ తల ఎదురుగోడ వైపూ పెట్టి తిన్నగా పడుకున్నాడు. ఆమెకు ఎడమవైపు కిటికీలోంచి పొద్దుటి ఎండ వస్తోంది. అంటే ఎదురుగోడ దక్షిణం.

బల్ల మీద అద్దం పలక ఉంది. దాని మీద పసుపూ నూనే ఎండిపోయిన గుండ్రటి మరక.

"అన్నం డబ్బా సీజ్ చేసినవా?"

"ఏ డబ్బా?" అన్నాడు దివాకర్. "బల్ల మీద కండ్లద్దాలు, పెన్నులు తప్ప ఏం లేవు. పంచనామా సదువుకో. నేనే రాసిన."

అతను ఆమెను వరండాలోకి నడిపించాడు. ఇద్దరూ గోడవారన నిలబడ్డారు.

"ఎందుకు కెలుకుతవ్ వాసంతీ? చేసినోడు చేసిన అంటున్నడు. పోలీసులు ఖుష్, కోర్టు ఖుష్, మీ వకీలు గూడ ఖుష్. నీకొక్కదానికేంది నొప్పి?"

"నాకేం నొప్పి లేదు." అది నిజమే. నొప్పి ఉంటే బాగుండునని కూడా ఆమెకు అనిపించలేదు. "దెబ్బ తిన్నంక ఆయన్ని ఎవలో నేల మీద పండబెట్టిన్రు. తల దక్షిణానికి తిప్పిన్రు, నోట్ల నీళ్ళు పోసిన్రు. మన ఇండ్లల్ల పానం పోయెటోళ్ళకు చేసేది గదే కద. చంపినోడు గట్ల చేస్తడా?"

"ఎందుకు చెయ్యడు? పశ్చాత్తాపం. కథలల్ల సదవలేదా?"

"నేను కథలు సదవ."

"గందుకే నీకు మనుషులు అర్థంగారు," అన్నాడు దివాకర్. ఆ మాట ఆమెకు తగలాల్సినంత తగల్లేదు. అతను లోపలికి వెళ్ళి, పేపరు ఈసారి తల వెనక ఆనించేట్టు మళ్ళీ మొదటినుంచీ చేయించాడు.

కిందికి దింపేటప్పుడు మెట్ల మలుపులో కానిస్టేబుల్ ఫోన్ మాట్లాడుతూ ఆగాడు. వాసంతి పరుశురాం పక్కకు చేరింది.

"నిజంగ చంపినవా?"

"చంపాలని ఎన్నిసార్లు అనుకున్ననో మీకు తెల్వదు మేడం. పొద్దున లేస్తనే అనుకునేటోణ్ణి. నేను సదివిన కథలన్నిట్ల, అనుకున్నోడు గూడ దోషే."

"కోర్టుల కాదు."

"కోర్టుకు లోపటి సంగతి ఏం తెలుస్తది?"

"డబ్బా ఏడ పెట్టినవ్?"

అతను ఉలిక్కిపడలేదు. అసలు కదలనే లేదు. "డబ్బా లేదు. ఆదివారం నేను డబ్బా తీస్కపోలే."

"మరి మా సార్‌కు చెప్పినవ్ కద, ఎర్ర మూత డబ్బాని."

"ఆ సార్‌తోటి నేనేం మాట్లాడలే మేడం. సంతకం పెట్టుమంటే పెట్టిన."

డబ్బా లేదన్నది అబద్ధమని బల్ల మీది మరక చెబుతోంది. ఆ లెక్కన రెండో మాట కూడా అబద్ధమే అనుకుంది వాసంతి. అక్కడే తప్పులో కాలేసింది.

వాన్ వెళ్ళిపోయాక కింద స్నిగ్ధ అనే అమ్మాయి ఆమె కోసం ఆగి ఉంది. పరుశురాం జూనియర్. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి, ఇక ఏడవడం చేతగాని స్థితిలో ఉంది.

"మేడం, ఏటా మా దగ్గర ఒక విచారణ నడుస్తది," అంది. "కథల్లో నేరం చేసిన పాత్రను ఒకరిని తీసుకొచ్చి సెమినార్ హాల్లో బోనెక్కిస్తం. మేమే వకీళ్ళం, మేమే సాక్షులం. కథలో దోషి అయినోడు కోర్టులో నిర్దోషి కావొచ్చు, దానికి ఉల్టా గూడ కావొచ్చు. అది మాకు తెలవాలని శశిభూషణ్ సార్ పెట్టిండు. ఈసారి మాత్రం కథలో మనిషి కాదన్నడు. మల్కాజ్‌గిరిల ఒకాయన చెయ్యని హత్యకు జైల్ల మగ్గి, బయటికొచ్చినంక సార్‌ను కలిసిండంట. ఆయన చెయ్యలేదని ఆయన వకీలుకు ముందే తెలుసంట. తెలిసీ సాక్షిని పిలవలేదంట. ఈ యేడు ఆ వకీలును బోన్ల నిలబెడదామన్నడు సార్."

"ఏ వకీలు?"

"పేరు చెప్పలే. ముందు ఆయన మొహం మీదనే చెప్పాలె, అది మర్యాద, ఆదివారం రమ్మన్న అన్నడు. ఈ ముచ్చట ఇన్‌స్పెక్టర్‌కు గూడ చెప్పిన. కథ బాగుందన్నడు."

*

అక్కాతమ్ముళ్ళ ఇల్లు తార్నాక దాటి లాలాపేట్ వైపు వెళ్ళే ఒక గల్లీలో ఉంది. కింద ఇంటి ఓనరు రాములమ్మ, పైన స్వరూప, పరుశురాం. జనగామ దగ్గరి ఊళ్ళో తల్లిదండ్రులు పోయాక, స్వరూప ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతూ తమ్ముణ్ణి చదివించుకొచ్చింది. ఆమెను చూడటానికి వాసంతి రావడం ఇదే మొదటిసారి. వచ్చేసరికి రెండు కావస్తోంది.

వాకిట్లో నల్లా దగ్గర రాములమ్మ బట్టలు జాడిస్తోంది. వకీలు తరఫున వచ్చానని చెప్పగానే పీట జరిపింది. కూర్చోబెట్టి చెప్పడానికి ఆవిడకు నాలుగు రోజుల మాటలు నిలవున్నాయి.

"ఆ పోరడు చీమకు గూడ చెయ్యి లేపడు బిడ్డా. గిదంతా గ్రహచారం. అసలు ఆదివారమే నా మనసు కీడు శంకించింది."

"ఆదివారం ఏమైంది?"

"స్వరూప యాడికో పోయొచ్చింది. వచ్చుడు వచ్చుడే గీ నల్ల కింద చీరె మీదనే బకెట్లకు బకెట్లు గుమ్మరించుకున్నది. నాలుగున్నరకు నల్ల ఇడుస్తరు, అప్పుడే ఇడిసిన్రు. ఎవలు పోయిన్రే బిడ్డా అని అడిగిన. ఎవలు లేరత్తా అన్నది. ఎవలు పోకుంటే బయటనే ఎందుకు పోసుకుంటరు చెప్పు? పైన బాత్రూం లేదా?"

వాసంతి ఆ తడి గచ్చు వైపు చూసింది. ఆమెది చర్చికి వెళ్ళే కుటుంబం. అయినా వాళ్ళమ్మ చావింటి నుంచి వస్తే బయట నిలబడి నీళ్ళు పోసుకోనిదే గడప తొక్కేది కాదు. ఆ అలవాటు ఏ దేవుడి మాటా వినదు. మనిషికి బుద్ధి ఎంత పదునుగా ఉన్నా, చావును ముట్టుకున్న ఒళ్ళు తన పని తాను చేసుకుపోతుంది. శవం సంగతి లోకానికి తెలిసింది ఏడింటికి. ఈ ఒంటికి నాలుగున్నరకే తెలుసు.

పైన తలుపు తీసే ఉంది. స్వరూప కోర్టుకు తయారై, ఇస్త్రీ చీరె కట్టుకుని, గోడకానుకుని నేల మీద కూర్చుంది. వంటింటి స్టాండులో కడిగిన గిన్నెల మధ్య స్టీలు డబ్బా బోర్లించి ఉంది. దాని పక్కన ఎర్ర మూత.

"వకీల్ సార్ వస్త అన్నడు. మీరొచ్చిన్రు," అంది స్వరూప.

వాసంతి ఎదురుగా కూర్చుంది. "ఆదివారం నాలుగున్నరకు ఎవరి మైల కడుక్కున్నవ్ స్వరూపా?"

స్వరూప ఆమె మొహంలోకి చూసింది. దాచే ప్రయత్నం చేయలేదు. ఎవరైనా అడుగుతారా అని నాలుగు రోజులుగా ఎదురుచూసి అలిసిపోయినట్టుంది.

"సంతకం కోసం పోయిన. తమ్మునికి చెప్పకుండనే పోయిన. ఆడిదాన్ని, పెద్దదాన్ని, చేతులు జోడిస్తే ఇంటడేమో అనుకున్న. పొయ్యేసరికి బయట గొళ్ళెం పెట్టి ఉన్నది. తిరిగి వద్దామనుకుంటే లోపట మూలుగు ఇనబడ్డది. గొళ్ళెం తీసిన. ఆయన బల్ల కింద పడి ఉన్నడు. గుర్రు గుర్రుమంటున్నది గొంతుల. మా నాయినకు గూడ అట్లనే అయింది. ఆ చప్పుడు నాకెరికే."

"తల తిప్పినవ్."

"తిప్పిన. బల్ల కిందికెల్లి ఇవతలికి గుంజి పండబెట్టిన, నా సీసాల నీళ్ళు పోసిన. రెండు గుటకలు మింగిండు, పోయిండు. ఫోన్ చేద్దామని లేసిన. అప్పుడు కండ్లబడ్డది డబ్బా."

ఆమె వంటింటి స్టాండు వైపు వేలు చూపింది.

"నేను పొద్దున కట్టిచ్చిన డబ్బా. వాడే చంపిండనుకున్న. డబ్బా కొంగుల చుట్టుకున్న, గొళ్ళెం ఎట్లున్నదో అట్లనే పెట్టిన, వచ్చిన. డబ్బా కడిగిన. వాడు చీకటి పడ్డంక వచ్చిండు. కోపమొచ్చినప్పుడు మౌలాలి గుట్ట ఎక్కి కూసుంటడు, గాన్నుంచి వచ్చిన అన్నడు. డబ్బా దిక్కు చూసిండు, దండెం మీద నా చీరె దిక్కు చూసిండు. ఏం అడగలే. నేనూ అడగలే. మర్నాడు పోలీసులొస్తే నేనే చంపిన అన్నడు. అనుకున్నదే అయింది అనుకున్న."

వాసంతి గొంతు పెంచకుండా చెప్పింది. "వాడు అక్కడ మరిచిపోయిన డబ్బా ఇంట్ల కడిగి ఉన్నది. నువ్వు చావుస్నానం చేసినవ్. ఇది చూసిన తమ్ముడు ఏమనుకుంటడు?"

స్వరూప తన కొంగు వైపు చూసుకుంది.

"నువ్వు చంపినవ్ అనుకున్నడు. నీ మీదికి రాకుండ తన మీదేసుకున్నడు. పొద్దున ఆ గదిల సుద్దగీత చూసి ఇంకింత ఖాయం చేసుకున్నడు. వాడు చంపలే స్వరూపా. నువ్వూ చంపలే. ఒకరికోసం ఒకరు నోరు మూసుకున్నరు."

స్వరూప ఏడవలేదు. అరచేతులు రెండూ తిప్పి చూసుకుంది. "ఒక్క మాట అడిగితే అయిపోయేది," అంది. "చంపినవారా అని ఒక్క మాట. నేను అడగలే." వాసంతికి ఆ చేతుల్ని పట్టుకోవాలనిపించింది. అలా అనిపించి చాలా కాలమైంది కాబట్టి పట్టుకోవడం ఎలాగో తోచక ఊరుకుంది.

"డబ్బా నువ్వు తెచ్చినట్టు ఎవరికి చెప్పినవ్?"

"ఎవరికి చెప్త? వానికే చెప్పలే."

"సుదర్శన్ సార్‌కు?"

"ఆయన ఫోన్ల రెండుసార్లు మాట్లాడిండు. తయారుగ ఉండు, కోర్టుకు తీస్కపోత అన్నడు. డబ్బా ముచ్చటే రాలే."

"నువ్వు చూసినప్పుడు డబ్బాకు మూత పెట్టి ఉన్నదా?"

"లేదు. మూత తీసి పక్కకున్నది. వంకాయ కూర ఇంక మిగిలే ఉన్నది."

వాసంతికి పొద్దుటి మాటలు ఒక్కటొక్కటే తిరిగొచ్చాయి. ఎర్ర మూత. వంకాయ కూర. మూత గూడ పెట్టలే.

పరుశురాం వదిలివెళ్ళాక, స్వరూప తెచ్చేసే లోపు మాత్రమే ఆ డబ్బా బల్ల మీద ఉంది. పోలీసులు చూడలేదు, పంచనామాలో లేదు. పరుశురాం ప్రాణం పోయినా చెప్పడు, ఎందుకంటే ఆ డబ్బా వాళ్ళక్క మెడకు చుట్టుకుంటుంది. సంతకం తప్ప ఏమీ మాట్లాడలేదని అతను చెప్పింది నిజమే. సంచిలోని కవరు గుర్తొచ్చింది. దాని పిన్ను దారిలో తనే తీసింది. ఆ గదిని కళ్ళారా చూసినవాడికి పంచనామా చదవాల్సిన అవసరం ఏముంటుంది? ఆదివారం రమ్మన్న వకీలు ఎవరా అని దారి పొడుగునా నగరంలోని వకీళ్ళందరినీ తలుచుకుంది. ఎనిమిదేళ్ళుగా తనకు జీతమిస్తున్న వకీలు ఒక్కడు మాత్రం తలపుకు రాలేదు.

కథలో అయితే ఇది చాలు. కోర్టులో చాలదు. నా క్లయింటే చెప్పాడు, వకీలుకు చెప్పింది రహస్యం, బయటపెట్టను అని సుదర్శన్ అంటే ఎవరూ ఏమీ చేయలేరు. పైగా గంటలోపు ఆ క్లయింటు మేజిస్ట్రేట్ ముందు నిలబడి నేనే చంపానంటాడు. ఆ తర్వాత అందరూ ఖుష్.

కింద కారు హారన్ రెండుసార్లు మోగింది.

"స్వరూపా, లోపట గొళ్ళెం పెట్టుకో. నేను పిలిస్తే తప్ప తియ్యకు." వాసంతి డబ్బా మీద ఎర్ర మూత పెట్టి సంచిలో వేసుకుంది. మెట్లు దిగుతూ దివాకర్‌కు ఫోన్ కలిపింది.

"పరుశురాం ఏడున్నడు?"

"నాతోటే వాన్ల. కోర్టు గేటు కాడున్నం. ఎందుకు?"

"లోపలికి తోల్కపోకు. ఇప్పుడు ఒక కథ ఇనిపిస్త. నువ్వు మాట్లాడకు, ఫోన్ పెట్టకు."

"కథలు సదవనంటివి కద?"

"ఇను దివాకర్," అంది. ఆమె గొంతులో ఏం వినిపించిందో గానీ అతను మారు మాట్లాడలేదు. ఫోన్‌ను బోర్లా పట్టుకుంది.

సుదర్శన్ స్టీరింగ్ ముందు కూర్చుని ఉన్నాడు. నల్లకోటు వెనక సీట్లో మడిచి పెట్టి ఉంది. "స్వరూప ఏది?"

"వస్తున్నది సార్." వాసంతి ముందు సీట్లో ఎక్కి తలుపు వేసుకుంది. ఫోన్ ఒళ్ళో పెట్టుకుంది, సంచి కాళ్ళ దగ్గర పెట్టుకుంది. "అంతల పొద్దుగల మీరు చెప్పింది ఒక్కసారి మల్ల చెప్పున్రి సార్. గా తిండి కాడి ముచ్చట. మాట పొల్లుపోకుండ రాసిస్త."

"నువ్వు మరిచిపోతవా?" నవ్వాడు సుదర్శన్.

"వయసు మీద పడుతున్నది సార్."

"ఎర్ర మూత డబ్బా. వంకాయ కూర. మూత తీసి కండ్లద్దాల పక్కకు పెట్టి ఉన్నది. సగం అన్నం అట్లనే ఉన్నది. సగం తిన్న అన్నం అని రాయి, బాగుంటది."

"ఇవన్ని పరుశురాం చెప్పిండా సార్?"

"వాడు నోరిప్పితే కద. పంచనామాల లేదా అంతా?"

వాసంతి వంగి సంచిలోంచి డబ్బా తీసింది. డాష్‌బోర్డు మీద, ఆయనకు ఎదురుగా పెట్టింది.

"పంచనామాల లేదు సార్. ఆదివారం నాలుగున్నర సంది ఇది ఈ ఇంట్లనే ఉన్నది. మీరు చూసినప్పుడే అక్కడ ఉన్నది, పోలీసులొచ్చేసరికి లేదు. మూడుసార్లు సదవాలని మీరే కద నేర్పిన్రు."

సుదర్శన్ డబ్బాను చూశాడు. ఆయన మొహంలో కోపం రాలేదు. సాక్షి ఒకడు చెప్పకూడనిది చెప్పినప్పుడు కోర్టులో ఎలా ఉంటాడో అలాగే, తర్వాతి ప్రశ్న వెతుక్కుంటున్నట్టు ఉన్నాడు. తర్వాత ఆయన చూపు ఆమె ఒళ్ళోకి దిగింది. బోర్లా ఉన్న ఫోన్ అంచుల్లోంచి వెలుతురు కనబడుతోంది. దాంట్లోంచి దివాకర్ గొంతు సన్నగా, ఎవరి మీదో కేకేస్తూ వినిపించింది. "వాన్ తిప్పున్రి. మేజిస్ట్రేట్‌కు నేను చెప్పుకుంట, ముందు వాన్ తిప్పున్రి." ఆ తర్వాత దగ్గరగా, "వాసంతీ, ఏడున్నవ్?"

నాలుగు తలుపుల తాళాలూ ఒక్కసారే పడ్డాయి.

సుదర్శన్ చెయ్యి చాచి, పొద్దున టీ గ్లాసు పెట్టినంత నెమ్మదిగా ఫోన్ తీసుకుని ఆపేశాడు. "శశిభూషణ్ గూడ గిట్లనే, మర్యాదగ పిలిచి చెప్పిండు," అన్నాడు. కారు కదిలింది. గల్లీ చివర కోర్టుకు వెళ్ళాలంటే కుడికి తిరగాలి. ఆయన ఎడమకు తిప్పాడు.

వాసంతికి అరికాళ్ళలో ఏదో మొదలై పైకి పాకింది. అదేమిటో పోల్చుకోవడానికి ఆమెకు కొంత సమయం పట్టింది. తిమ్మిరి వదిలేటప్పుడు ముందు నొప్పే పుడుతుంది. ఎనిమిదేళ్ళ తర్వాత ఆమెకు భయం వేస్తోంది.